మాయలోకానికీ ఒక నియమం

గౌతమీ గోదావరి ఒడ్డున, ఆత్రేయపురం మండలంలో, వాడపల్లి అనే గ్రామం ఉన్నది. శనివారం వచ్చిందంటే తెల్లవారకముందే ఆ ఊరి దారులు యాత్రికులతో నిండిపోతాయి. ఏడు శనివారాల వెంకన్న అని ప్రసిద్ధికెక్కిన అక్కడి వేంకటేశ్వరుని స్థలపురాణం కోనసీమలో చాలామందికి నోటికి వచ్చు. పూర్వం గోదావరిలో ఒక చందనపు మాను కొట్టుకొని వస్తూ జనానికి కనిపించేదట. దగ్గరకు పోగానే మాయమయ్యేదట. తరువాత స్వామి గ్రామస్థులకు కలలో కనపడి, కలిదోషం వల్ల తాను వారికి దొరకడం లేదనీ, నదిలో స్నానం చేసి మంగళవాద్యాలతో వస్తే కృష్ణగరుడపక్షి వాలినచోట చందనపేటిక దొరుకుతుందనీ చెప్పాడట. అట్లే వెళ్ళారు, అట్లే దొరికింది.

భక్తుల విశ్వాసం ఈ వ్యాసానికి విషయం కాదు. కథ నడిచిన తీరు మాత్రమే ఇక్కడ గమనించవలసినది. మాను ఎందుకు మాయమవుతున్నదో ఒక్క మాటలో చెప్పి ఊరుకున్నారు. ఏ విధంగా మాయమవుతున్నదో చెప్పనేలేదు. కాని అది దొరకడానికి ఏమేమి చేయాలో మాత్రం ఒక్కొక్కటిగా, స్పష్టంగా, ముందుగానే చెప్పారు. అందువల్ల వినేవాడు కూడా ఆ ఊరివారితోపాటు గరుడపక్షి కోసం ఆకాశంవైపు చూస్తాడు. పక్షి వాలగానే, ఇక ఎవరూ చెప్పనక్కరలేకుండా, పేటిక అక్కడ ఉన్నదని అతనికి తెలిసిపోతుంది.

ఈ కథ తరగతిలో చెప్తే చురుకైన విద్యార్థి ఒకడు లేచి, ఎర్రచందనపు చేవ నీటికన్న బరువైనది కదా, నీటిమీద ఎట్లా కొట్టుకొని వచ్చిందని అడగవచ్చు. ప్రశ్న మంచిదే. లోపల డొల్ల ఉంటే ఇనుప ఓడ తేలినట్లే తేలుతుందని చెప్పి, ఉపాధ్యాయుడు ఆ పూటకు ఆర్కిమిడీస్ సూత్రాన్ని పాఠంగా చేసుకోవచ్చు. అయితే ఆ సమాధానం చేర్చినంతమాత్రాన కథ బాగుపడదు, చేర్చకపోతే చెడిపోదు.

కల్పిత లోకాన్ని సృష్టించే రచయితకు, చలనచిత్ర దర్శకునికి ఎప్పుడూ ఎదురయ్యే చిక్కు ఇదే. ఆ లోకపు కట్టుబాట్లను ప్రేక్షకునికి ఎంతవరకు వివరించాలి? తక్కువ చెప్తే ఏమీ అర్థం కాలేదంటారు. ఎక్కువ చెప్తే కథకు వస్తే పాఠం చెప్పారంటారు. సాధారణంగా విమర్శకులు దీనిని పాళ్ళ సమస్యగా, అంటే పప్పులో ఉప్పు ఎంత అన్న ప్రశ్నగా, చూస్తారు. అది అంత సరికాదు. ఎంత చెప్పారన్నదానికన్న ఏది చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నవి ముఖ్యం.

వివరణ అనే మాటలో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉన్నవి. ఒకటి నియమం, రెండవది కారణం. ఇట్లా చేస్తే ఇట్లా జరుగుతుంది అనేది నియమం. ఎందువల్ల జరుగుతుంది అనేది కారణం. ఈ తేడా విజ్ఞానశాస్త్రం బోధించేవారికి కొత్తది కాదు. న్యూటన్ 1687లో గురుత్వాకర్షణ నియమాన్ని ప్రకటించాడు. రెండు వస్తువుల మధ్య ఆకర్షణ వాటి ద్రవ్యరాశులను బట్టి, దూరపు వర్గాన్ని బట్టి ఎట్లా మారుతుందో చెప్పాడు. అసలు ఆకర్షణ ఎందుకున్నదో చెప్పలేదు. 1713లో వచ్చిన రెండవ ముద్రణలో, దాని కారణం తనకు దొరకలేదనీ, ఊహలు కల్పించి చెప్పబోననీ స్పష్టంగా రాశాడు. అయినప్పటికీ ఆ నియమం లోకాన్ని ఒప్పించింది. దాని ఆధారంతో హాలీ, తోకచుక్క ఒకటి 1758 ప్రాంతంలో తిరిగి వస్తుందని ముందుగానే చెప్పి, 1742లో మరణించాడు. 1758 డిసెంబరులో అది కనిపించింది. కారణం తెలియకపోయినా, ఫలితానికి ముందు నియమం చెప్పినందువల్లనే నమ్మకం కుదిరింది. ఇదే కొలత కథలకు కూడా పెట్టి చూడవచ్చును.

తెలుగువారికి అందరికీ తెలిసిన కల్పిత లోకం ‘మాయాబజార్’. విజయావారి నిర్మాణంలో, కె. వి. రెడ్డి దర్శకత్వంలో, పింగళి నాగేంద్రరావు రచనతో 1957 మార్చి 27న ఆ చిత్రం విడుదలైనది. అందులో ప్రియదర్శిని అనే పేటిక ఒకటి శశిరేఖకు కానుకగా వస్తుంది. తెరిచి చూచినవారికి తమకు మిక్కిలి ప్రియమైనది అందులో కనిపిస్తుంది. నియమం ఇంతే, ఒక్క వాక్యం. ఆ పేటిక ఎవరు చేశారు, దానికి ఆ శక్తి ఎట్లా వచ్చింది అన్న వివరాల జోలికి దర్శకుడు పోలేదు. వెంటనే ప్రయోగానికి దిగాడు. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. రేవతికి నగలు, మణులు కనిపిస్తాయి. బలరామునికి శిష్యుడైన దుర్యోధనుడు కనిపిస్తాడు. మూడు పరీక్షలలోను నియమం నిలిచింది. ప్రేక్షకునికి పేటికమీద నమ్మకం కుదిరింది. పైగా ఆ ఇంటిలో ఎవరి మనసు ఎటున్నదో కూడా తెలిసిపోయింది. రాబోయే తగవంతా ఆ మూడు దృశ్యాలలోనే ఉన్నది.

ఇక కృష్ణుడు చూస్తాడు. శకుని కనిపిస్తాడు!

హాలులో నవ్వు లేస్తుంది. కాని ఆ నవ్వు వెనుక ఒక ఆలోచన ఉన్నది. నియమం తప్పిందా, లేక కృష్ణునికి శకుని నిజంగానే ప్రియుడా? అప్పటికే మూడుసార్లు నిలిచిన నియమాన్ని ప్రేక్షకుడు అంత సులభంగా వదలుకోడు. కాబట్టి పేటికను అనుమానించడం మాని కృష్ణుణ్ణి అర్థం చేసుకోవడానికి పూనుకుంటాడు. తాను జరిపించదలచిన భారతానికి శకుని ఎంత అవసరమో ఆ సర్వజ్ఞునికి తెలుసునన్నమాట. యురేనస్ గ్రహం లెక్క ప్రకారం నడవనప్పుడు ఖగోళశాస్త్రజ్ఞులు న్యూటన్ నియమాన్ని పారవేయలేదు. కనిపించని మరొక గ్రహం ఉండాలని ఊహించి, 1846లో నెప్ట్యూన్‌ను పట్టుకొన్నారు. నియమంమీద గురి కుదిరినప్పుడే అపవాదానికి విలువ వస్తుంది. మొదటి మూడు దృశ్యాలు లేకుండా నాలుగవది ఉంటే అది వట్టి హాస్యం.

ఈ మధ్య ప్రియదర్శినిని గూర్చి ఒక మాట వినపడుతున్నది. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోనులో దూరపువారి ముఖం చూస్తూ మాట్లాడటాన్ని ఆనాడే ఊహించారు అని. ఇంకా కొందరు ఒక అడుగు ముందుకు వేసి, ద్వాపరయుగంలోనే ఈ సాధనాలుండేవనడానికి అదొక గుర్తు అంటారు. ఇవి తొందరపాటు మాటలు. మన దేశంలో టెలివిజన్ ప్రసారాలు 1959 సెప్టెంబరులో ఢిల్లీలో మొదలైనవి. అంటే చిత్రం విడుదలైననాటికి మన ప్రేక్షకుడు అటువంటి పెట్టెను ఎరుగడు. అయినా అతనికి ప్రియదర్శిని అర్థమైనది. ఎందుకంటే దాని నియమం దూరానికి సంబంధించినది కాదు, ప్రీతికి సంబంధించినది. ఫోను ఎవరి నంబరు నొక్కితే వారిని చూపిస్తుంది. ప్రియదర్శిని, చూచేవాడు దాచుకొన్నదానిని బయట పెడుతుంది. నియమాలు వేరైనప్పుడు సాధనాలు ఒకటి ఎట్లా అవుతాయి? పైగా శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేనే లేదు. లేని కథలోని పేటికను చూపి యుగధర్మాలు నిర్ణయించడం పింగళివారి ప్రతిభకు గౌరవం కాదు.

సత్యపీఠం సంగతి మరింత చక్కని ఉదాహరణ. దానిపై నిలబడినవారు మనసులో ఉన్నది దాచలేక బయట పెడతారు. ఈ నియమం కథలో ముందుగానే చెప్తారు. తరువాత పెళ్ళి సందడిలో దానిని అందరూ మరచిపోతారు, ప్రేక్షకునితో సహా. చివరకు శకుని దానిపై నిలబడవలసి వచ్చి, కౌరవుల పన్నాగమంతా తన నోటనే చెప్పుకొంటాడు. ఆ పీఠాన్ని ఆఖరి ఘట్టంలోనే తెచ్చి, దాని మహిమ అప్పుడే చెప్పి ఉంటే కథ ముగిసేది గాని ప్రేక్షకుడు ఒప్పుకునేవాడు కాడు. వివరణ అదే, మాటలు అవే. చోటు మారితే విలువ పోతుంది.

ఘటోత్కచుడు మాయాశశిరేఖగా మారినప్పుడు నియమాన్ని మాటలలో ఎవరూ చెప్పరు. ఆకారం మారింది, స్వభావం మారలేదు అన్నది సావిత్రి నడకలో, చేయి విసరడంలో తెలిసిపోతుంది. పెళ్ళిపీటల దగ్గర లక్ష్మణకుమారుని కాలు తొక్కినప్పుడు బరువు కూడా మారలేదని తెలుస్తుంది. ద్రవ్యరాశి నిత్యత్వాన్ని పిల్లలకు చెప్పే ఉపాధ్యాయునికి ఇంతకన్న ఆకర్షకమైన ఉదాహరణ దొరకదు. ఇక గింబళి, గిల్పం అన్న మాటలు ఉన్నవి. కంబళి, తల్పం అన్న పాత మాటల నీడ వాటిలో ఉండటంచేత, అవి ఏ వస్తువులో చెవికే తెలిసిపోతుంది; మామూలు కంబళి, మామూలు తల్పం కావన్నది కూడా ఆ ధ్వనే చెప్తుంది. పారిభాషిక పదాలు కూర్చేవారు ఈ రెండు మాటలను ఒకసారి తలచుకొంటే మేలు. నిర్వచనం చదివితేనే గాని నోరు తిరగని మాటలు మన పాఠ్యపుస్తకాలలో తక్కువేమీ లేవు.

ఈ విద్య కె. వి. రెడ్డి, పింగళివారలతో పుట్టినది కాదు. బేతాళకథలలో రెండే నియమాలు: విక్రమార్కుడు నోరు విప్పితే శవం తిరిగి చెట్టెక్కుతుంది, సమాధానం తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. ఈ రెండు చక్రాల మధ్య రాజును ఇరికించి ఎన్ని కథలైనా నడపవచ్చు. చందమామ ఆ ఇరుసుమీదనే దశాబ్దాలపాటు నెలనెలా కొత్త కథలు నడిపింది. మధిర సుబ్బన్న దీక్షితకవి కాశీమజిలీ కథలలో గోపుడు, తాను చూచిన వింతకు కారణం చెప్తేనే వెంట వస్తానని మణిసిద్ధునితో ముందే ఒప్పందం చేసుకొంటాడు. వివరణ అడిగే పాత్రనే కథలో పెట్టిన చమత్కారమది. వినేవాని ప్రశ్నను గోపుడు అడుగుతాడు కాబట్టి వివరణ బరువనిపించదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలుకలో ఉన్నదన్న నియమాన్ని కనుక్కోవడమే సగం కథ. చిలుక దొరకకముందే రహస్యం తెలుస్తుంది, అందుకే చిలుక మెడ పట్టుకొన్నప్పుడు వినేవాని గుండె కొట్టుకొంటుంది. తరువాత వచ్చిన జానపద చిత్రాలు కొన్ని ఈ క్రమాన్ని వదలివేసినవి. కథానాయకుడు చిక్కుపడినప్పుడల్లా ఒక మునీశ్వరుడు ప్రత్యక్షమై కొత్త ఆయుధం ఇచ్చి పోతాడు. అక్కడ వివరణకు లోటు లేదు, మునీశ్వరుడు దీర్ఘంగానే ఉపన్యసిస్తాడు. లేనిది ముందుచూపు.

విజ్ఞానశాస్త్రం పేరు చెప్పుకొని నడిచే కథలలో ఇంకొక చిక్కు వస్తుంది. అక్కడ కారణం కూడా చెప్పాలనే ఆశ పుడుతుంది. జూల్ వెర్న్ 1865లో మనుషులను చంద్రుని వద్దకు ఫిరంగితో పంపాడు. ఫిరంగి పొడవు 900 అడుగులు, అంటే సుమారు 274 మీటర్లు. లెక్కలు, లోహాలు, మందుగుండు అన్నీ ఎంతో శ్రద్ధగా వివరించాడు. అంత వివరించడంచేతనే పదకొండవ తరగతి విద్యార్థి కూడా ఆయనను పట్టుకొనగలడు. భూమిని విడిచిపోవడానికి కావలసిన వేగం సెకనుకు 11.2 కిలోమీటర్లు. ఆ వేగం 274 మీటర్ల గొట్టంలోనే రావాలంటే త్వరణం గురుత్వ త్వరణానికి ఇరవై వేల రెట్లకు పైబడుతుంది. లోపలి ప్రయాణికులు చంద్రుని సంగతి అట్లా ఉంచి గొట్టంలోనే నుజ్జయిపోతారు. 1901లో ఎచ్. జి. వెల్స్ అదే ప్రయాణానికి గురుత్వాకర్షణను అడ్డుకొనే ఒక పదార్థాన్ని కల్పించాడు. అది ఎట్లా అడ్డుకొంటుందో ఆయన చెప్పినది నామమాత్రం. తాను భౌతికశాస్త్రాన్ని వాడుకొన్నాననీ, వెల్స్ ఊరికే కల్పిస్తున్నాడనీ వెర్న్ ఆక్షేపించాడు. ఆక్షేపణ న్యాయమైనదే. అయినా నేడు చదివేవానికి వెల్స్ పదార్థం అడ్డురాదు, వెర్న్ ఫిరంగి అడ్డువస్తుంది. వివరించిన ప్రతి మాటా ఒక పూచీ. తీర్చలేని పూచీ పడటంకన్న ఒక అసాధ్యాన్ని దొరతనంగా అడిగి పుచ్చుకోవడమే మేలు.

వెల్స్‌కూ ఈ పూచీ తప్పలేదు. 1897 నాటి ‘అదృశ్య మానవుడు’ నవలలో, శరీరపు వక్రీభవన గుణకం గాలితో సమానమైతే మనిషి కనిపించడని ఆయన వివరించాడు. గాజుకడ్డీని గ్లిజరినులో ముంచి, అది దాదాపు కనిపించకుండా పోవడం చూపించే ఉపాధ్యాయులకు ఆ సూత్రం పరిచితమే. కాని కంటిలోని నేత్రపటలం కూడా పారదర్శకమైతే వెలుతురు దానిలో ఆగదు. ఆగకపోతే చూపు ఉండదు. అదృశ్యుడు గుడ్డివాడై ఉండాలి! భౌతికశాస్త్రాన్ని వినోదంగా చెప్పిన రష్యన్ రచయిత పెరెల్మాన్ ఈ తప్పును ఎత్తి చూపాడు. అయితే వెల్స్ ఈ చిక్కును ఎరగకపోలేదు. ఆ మనిషి అద్దంలో చూసుకొన్నప్పుడు కంటి వెనుక లీలగా కొంత రంగు మిగిలే ఉన్నదని ఒక్క వాక్యం వేసి పోయాడు. ఆ వాక్యాన్ని చాలామంది చూడలేదు. కారణం పేరెత్తినవాడు ఎంత దూరం పోవలసి వస్తుందో ఆ ఒక్క వాక్యం చూపుతుంది.

తెలుగు చిత్రాలకు వస్తే, సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’ ఈ విషయంలో తెలివిగా నడిచినది. కాలయంత్రం మనుషులను 1526 నాటి విజయనగరానికి, తరువాత 2504కు తీసుకుపోతుంది. యంత్రం ఎట్లా పనిచేస్తుందో వివరించడానికి చిత్రం ఎక్కువసేపు ఆగదు. ఏ సంవత్సరానికి పోవాలంటే ఆ సంవత్సరానికి పోవచ్చు, యంత్రం చెడితే చిక్కుపడిపోతారు. ఈ రెండు తెలిస్తే చాలు. సింగీతం ‘మాయాబజార్’కు కె. వి. రెడ్డి దగ్గర సహాయకుడుగా పనిచేసినవాడన్నది ఇక్కడ గుర్తు తెచ్చుకోదగినది. ఒక్క లోటు మాత్రం ఉన్నది. గతంలోకి పోయినవాడు గతాన్ని మార్చగలడా అన్న ప్రశ్నను చిత్రం పెద్దగా పట్టించుకోదు. ఆ నియమం ఒకటి ముందే తెలిసి ఉంటే రాయలవారి కొలువులోని ప్రమాదాలకు మరింత పదును వచ్చేది.

2012లో వచ్చిన రాజమౌళి ‘ఈగ’ ఇంకా గట్టి పని చేసింది. నిద్రపోయే ముందు కథ చెప్పమని ఒక పాప తండ్రిని అడగడంతో చిత్రం మొదలవుతుంది. అంటే, ఇది కథ అని ముందే ఒప్పుకోలు. చనిపోయినవాడు ఈగగా పుట్టి పాత పగ గుర్తుంచుకొన్నాడన్నది ఒక్కటే అడిగిన అసాధ్యం. ఆ తరువాత ఈగను ఈగగానే ఉంచారు. నీటిబొట్టు దానికి వరద. పురుగుల మందు దానికి మృత్యువు. పెద్ద వస్తువును ఎత్తలేదు కాబట్టి సూదిని ఆయుధం చేసుకొంటుంది. పగవాడు ఎన్ని వందల రెట్లు పెద్దవాడో ప్రతి దృశ్యమూ గుర్తు చేస్తుంది. ఈగ ఆయుర్దాయం కొద్ది వారాలేనన్న సంగతిని చిత్రం వదలివేసింది. దాని అవసరం కథకు రాలేదు, వదలివేయడమే మంచిదైంది.

దీనికి ఎదురు ఉదాహరణ 2024 జూన్‌లో విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’. నాగ్ అశ్విన్ కల్పించిన కాశీ, దానిమీద తలకిందుల పిరమిడ్‌లాంటి కాంప్లెక్స్, కనువిందుగా ఉన్నవి. అయితే మొదటి భాగంలో పేర్లు, వర్గాలు, స్థలాలు ఒకదానిమీద ఒకటి వచ్చిపడతాయి. ఏది అవసరమో, ఏది అలంకారమో ప్రేక్షకునికి తేలదు. అదే చిత్రంలో యూనిట్లు అనే డబ్బు సంగతి మాత్రం చక్కగా అందుతుంది. ఎందుకంటే భైరవుడు కాంప్లెక్స్‌లో అడుగు పెట్టడానికి వాటిని కూడబెట్టుకొంటుంటాడు. కూడబెట్టేవాణ్ణి చూస్తే రూపాయి విలువ ఎవరూ చెప్పనక్కరలేదు కదా. ఆ చిత్రం పేరులోని అంకె కూడా ఒక లెక్కే. కలియుగారంభమని సంప్రదాయం చెప్పే క్రీస్తుపూర్వం 3102కు 2898 కలిపితే 6000. క్రీస్తుశకంలో సున్నా సంవత్సరం లేదు కాబట్టి నిజానికి గడిచేవి 5999 సంవత్సరాలే. ఇది చిత్రంమీద ఫిర్యాదు కాదు, గణిత ఉపాధ్యాయులకు పనికివచ్చే సంగతి.

కథల నియమాలమీద ఇంత పట్టింపు ఎందుకని కొందరికి తోచవచ్చు. కారణం కథల బయటనే ఉన్నది. చేతబడి, తాయెత్తు, నాటు వైద్యం పేర్లతో మోసం చేసేవారు కూడా ఒక కల్పిత లోకాన్నే అల్లుతారు. వారూ ఎన్నో వివరణలు ఇస్తారు. అయస్కాంత శక్తి అంటారు, తరంగాలు అంటారు. కాని వారి నియమం ఎప్పుడూ ఫలితం తరువాతనే వస్తుంది. రోగం తగ్గితే తాయెత్తు మహిమ. తగ్గకపోతే కట్టిన వేళ మంచిది కాదు, లేదా ముట్టుకొన్నవారిలో శుద్ధి లేదు. ఆ షరతు ముందు చెప్పనే లేదు. మంచి కథ వినడం అలవాటైన పిల్లవాడు ఇక్కడ టక్కున పట్టుకొంటాడు. ‘ఆ మాట ముందు ఎందుకు చెప్పలేదు?’ అని బేతాళుణ్ణి అడిగే చనువుతో అడుగుతాడు. ఈ ప్రశ్నను పిల్లలకు సమీకరణాలతో నేర్పడం కష్టం. ప్రియదర్శినితో సులభం.

తరగతిలో ఈ పని ఒక్క గంటలో చేయవచ్చు. విద్యార్థులకు తెలిసిన ఏ జానపద చిత్రమైనా తీసుకొని, అందులోని వింతకు నియమాన్ని ఒక్క వాక్యంలో రాయమనాలి. తరువాత ఆ నియమం కథలో ఎక్కడ చెప్పారు, ఎక్కడ వాడారు, ఎక్కడ తప్పారు అని వెతకమనాలి. నియమం రాయడానికి నాలుగు వాక్యాలు పట్టిందంటే ఆ కథలో ఎక్కడో బొంత అతుకు ఉన్నదన్నమాట. అబద్ధం నోట రానివ్వని సత్యపీఠంతో మొదలుపెడితే పిల్లలు వెంటనే అందుకొంటారు. దాని నియమాన్ని సరిగ్గా రాయగలిగినవారిని, ఆ వాక్యం పక్కన పెట్టుకొనే, ఇంకొక ప్రశ్న అడగవచ్చు. సూర్యుడే భూమి చుట్టూ తిరుగుతున్నాడని మనసారా నమ్మినవాడు ఒకడు ఆ పీఠం ఎక్కితే, వాని నోట ఏ మాట వస్తుంది?